నిధి, నిక్షేపం, ఆగామి: నెల్లూరు తీరపు చమురు అన్వేషణలో చిన్న మదుపరి స్థానం

వ్యాససంగ్రహం

చమురు, సహజవాయు అన్వేషణ కంపెనీల షేర్లు కొనే సామాన్య మదుపరి నిజానికి దేనిని కొంటున్నాడు? ఈ ప్రశ్నను నెల్లూరు తీరాన్ని కేంద్రంగా చేసుకొని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన దానశాసనాలలో, క్రయపత్రాలలో కనిపించే అష్టభోగాల పరిభాషను ఇందుకు సాధనంగా స్వీకరించాను. రవ్వ, కేజీ-డీ6, దీన్‌దయాళ్ క్షేత్రాల అనుభవాన్ని, నెల్లూరు సముద్రంలోని పాలార్–పెన్నా బ్లాకు చరిత్రను దీనితో పోల్చి చూశాను. ‘నిక్షేపం’ అనే ఒకే మాటతో వేర్వేరు స్థాయిల నిశ్చయాన్ని సూచించడం తెలుగు పాఠకుడికి నష్టం కలిగించిందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: నెల్లూరు తీరం, అష్టభోగాలు, చమురు అన్వేషణ, మదుపరి, పాలార్–పెన్నా బేసిన్, కృష్ణా–గోదావరి బేసిన్, పరిభాష.

1. ఉపోద్ఘాతం

కోస్తాంధ్ర ఆర్థిక చరిత్రలో వరి, పొగాకు, చెరకు, రొయ్య వంటి సరుకుల గురించి గణనీయమైన పరిశోధన జరిగింది. షేరు పత్రం గురించి జరిగింది తక్కువ. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, చిన్న వర్తకుడు, కొంత మిగులు చూసిన రైతు తమ సొమ్మును కంటికి కనిపించని సంపద మీద ఎందుకు పెట్టారు, పెట్టాక ఏమైంది అన్నది మన సాంఘిక చరిత్రలో భాగమే. ‘మదుపు’ అన్న మాటలో దాచుకోవడం, జాగ్రత్తపరచడం అనే అర్థచ్ఛాయ ఉంది. చమురు అన్వేషణ స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. బావి తవ్వేదాకా అడుగున ఏముందో ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. దాచుకోవాలనే స్వభావం గల సొమ్ము, పోగొట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్న పనిలోకి ప్రవహించడమే ఈ వ్యాసంలోని ప్రధాన సమస్య.

ఇందుకు నెల్లూరు తీరాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఉత్తరాన కృష్ణా–గోదావరి బేసిన్, దక్షిణాన కావేరి బేసిన్ చమురు, వాయువులను ఇచ్చాయి. ఆ రెండింటి నడుమ ఉన్న పాలార్–పెన్నా బేసిన్ నుంచి వాణిజ్య ఉత్పత్తి రాలేదు. దొరికిన చోటి చరిత్ర విజేతల కథగా మారిపోతుంది. దొరకని చోట మాత్రం వాటాదారు కొన్నది ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది.

2. అష్టభోగాల పరిభాష

విజయనగర కాలపు దానశాసనాలలో భూమితోపాటు దానగ్రహీతకు సంక్రమించే ఎనిమిది భోగాలను పేర్కొనడం పరిపాటి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనేవి ఆ ఎనిమిది. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు 1905లో వెలువడ్డాయి. శాసనపాఠాలు చదివే వారికి ఈ పదావళి పరిచితమే. తర్వాతి కాలపు క్రయపత్రాలలో కూడా ఇది కొద్ది మార్పులతో కొనసాగింది.

ఈ ఎనిమిదింటిలో కాలాన్ని, నిశ్చయాన్ని బట్టి చేసిన సూక్ష్మమైన విభజన గమనార్హం. ఇప్పటికే చేతికి వచ్చిన ఫలం సిద్ధం. ప్రయత్నం చేస్తే రాబట్టదగింది సాధ్యం. ముందు ముందు రాగల లాభం ఆగామి. భూమిలో పాతిపెట్టి ఉన్న ధనం నిధి. ఒకరు భద్రపరచి ఉంచింది నిక్షేపం. అంటే నేల మీద హక్కు రాసేటప్పుడు మన లేఖకులు ‘ఉన్నది’, ‘రాబట్టదగింది’, ‘రాబోయేది’ అనే మూడింటినీ కలగాపులగం చేయలేదు.

నేటి చమురు రంగం కూడా ఇటువంటి విభజననే పాటిస్తుంది. ఆవిష్కృతమై, లాభసాటిగా తీయగలమని తేలినవి నిల్వలు. వాటిలో మళ్లీ నిరూపితం, సంభావ్యం, అవకాశం గలవి అని అంతరాలున్నాయి. కనుగొన్నప్పటికీ సాంకేతిక, వాణిజ్య కారణాలతో ఇంకా తీయలేనివి వేరొక తరగతి. బావి తవ్వకముందు కేవలం భూభౌతిక సర్వేల ఆధారంగా అంచనా వేసినవి మరొక తరగతి. వీటిని వరుసగా సిద్ధ, సాధ్య, ఆగామి శబ్దాలతో సమన్వయించడం కష్టం కాదు.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. శాసనంలో దానగ్రహీతకు నిధి మీద కూడా హక్కు ఉంది. నేటి వాటాదారుకు అది లేదు. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాలలో, ఖండతీరపు అంచులో సముద్రగర్భాన ఉన్న ఖనిజాలు, విలువైన వస్తువులు కేంద్రానికి చెందుతాయి. 2010 మే 7న కృష్ణా–గోదావరి వాయు వివాదంలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు కూడా సహజవాయువుపై ప్రభుత్వ స్వామ్యాన్నే స్పష్టం చేసింది. కంపెనీకి దక్కేది ఒప్పందం ద్వారా వచ్చే ఉత్పత్తి భాగం. వాటాదారుకు దక్కేది ఆ కంపెనీలో భాగం. అతడు నిధికి రెండు అంచెల దూరంలో ఉన్నాడు.

3. నెల్లూరు పూర్వానుభవం: అభ్రకం, రొయ్య

కనిపించని సంపద మీద సొమ్ము పెట్టడం నెల్లూరుకు చమురుతో మొదలు కాలేదు. 19వ శతాబ్ది చివరి నుంచి గూడూరు, రాపూరు ప్రాంతాలలో అభ్రకపు గనుల తవ్వకం సాగింది. అభ్రకం పొర ఎంత లోతున ఉందో, ఎంత దూరం సాగుతుందో గని యజమానికి ముందుగా తెలియదు. ఒక గని కుటుంబాన్ని నిలబెడితే మరొక గని పెట్టుబడిని మింగేది. అయితే అక్కడ సొమ్ము పెట్టినవాడు గుంత దగ్గర నిలబడగలిగేవాడు. పలక ఎంత వెడల్పుందో, ఎంత మచ్చ ఉందో స్వయంగా చూసేవాడు.

రెండో అనుభవం రొయ్యల సాగు. 1990ల ఆరంభంలో నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు కొన్ని కంపెనీలు పబ్లిక్ ఇష్యూల ద్వారా సొమ్ము సేకరించాయి. 1992లో మూలధన విడుదల నియంత్రణాధికారి వ్యవస్థ రద్దు కావడంతో, షేరు ధరను నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలకు వచ్చింది. 1994లో వైరస్ వ్యాధి చెరువులను దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పు కంపెనీల సాగును మరింత కుదిపింది. కొందరు రైతులు కొన్నేళ్ల తర్వాత చెరువులకు తిరిగి వచ్చారు. మూతపడిన కంపెనీల వాటాదారుకు తిరిగి రావడానికి చెరువు లేదు, మిగిలింది పత్రమే. ఉత్పత్తిదారునికీ వాటాదారునికీ ఉన్న ఈ భేదం చమురు విషయంలో మరింత తీవ్రమవుతుంది.

4. ప్రభుత్వ ధనంతో మొదటి అన్వేషణ

స్వతంత్ర భారతంలో చమురు అన్వేషణను ప్రభుత్వం తన బాధ్యతగా తీసుకుంది. 1956లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడింది. 1970ల చివర నరసాపురం ప్రాంతంలో తవ్విన బావి కృష్ణా–గోదావరి బేసిన్ మీద ఆశలను స్థిరపరచింది. 1987లో సూరసానియానాం తీరానికి ఎదురుగా సముద్రంలో రవ్వ క్షేత్రాన్ని కనుగొన్నది కూడా ఓఎన్‌జీసీయే. ఈ దశలో ఎండిన బావుల నష్టాన్ని భరించింది ప్రభుత్వ ఖజానా, అంటే పన్ను చెల్లించే ప్రజలు.

ఆ నష్టం ధనరూపంలోనే లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో మొదలైన బావి మంటలు 65 రోజులపాటు మండాయి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో వాయు గొట్టం పేలి గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. సముద్రంలో సర్వేలు, తవ్వకాలు సాగే రోజులలో వేట కోల్పోయే మత్స్యకారులు పరిహారం కోసం పోరాడవలసి వచ్చింది. వీరెవరూ వాటాదారులు కారు. అయినా అన్వేషణలోని అపాయంలో వీరికి వాటా ఉంది. మదుపరి నష్టాన్ని చర్చించేటప్పుడు ఈ వాటాలేని భాగస్వాములను విస్మరించరాదు.

5. చిన్న కంపెనీలు, దూరపు వాటాదారులు

5.1 రవ్వ

1994 అక్టోబరులో రవ్వ క్షేత్రానికి ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందం కుదిరింది. అందులో ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం, రవ్వ ఆయిల్‌కు 12.5 శాతం వాటాలున్నాయి. మిగిలిన 22.5 శాతం వాటాతో నిర్వాహక బాధ్యత ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియంది. 1996లో స్కాట్లాండ్ సంస్థ కెయిర్న్ ఎనర్జీ కమాండ్‌ను కొనుగోలు చేసింది. ఆ రోజులలో సిడ్నీలో, ఎడిన్‌బరోలో ఉన్న మదుపరి గోదావరి సముద్రం మీద వాటా కొనగలిగాడు. అమలాపురంలోని మదుపరికి అటువంటి అన్వేషణ కంపెనీ షేరు అందుబాటులో లేదు. వీడియోకాన్ ద్వారా పరోక్షంగా కొనవచ్చు గాని, అక్కడ చమురు ఆదాయం టీవీల వ్యాపారంతోనూ ఇతర రంగాల అప్పులతోనూ కలిసిపోయింది. ఆ సంస్థ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బావిలో చమురు ఉన్నంత మాత్రాన వాటాదారుకు రక్షణ లేదనడానికి ఇది నిదర్శనం.

5.2 హిందూస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లోరేషన్

గృహరుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ స్థాపకుడు హెచ్.టి. పరేఖ్ 1983లో హిందూస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లోరేషన్ కంపెనీని నెలకొల్పాడు. చమురు అన్వేషణలో భారతీయ ప్రైవేటు రంగం తొలి అడుగు అదే. కావేరి తీరంలోని పీవై-1 క్షేత్రం నుంచి ఈ కంపెనీ 2009లో వాయు ఉత్పత్తి ఆరంభించింది. ఉత్పత్తి ఆశించిన స్థాయిలో నిలవలేదు. కంపెనీ తన లెక్కలలో ఆ క్షేత్రం విలువను భారీగా తగ్గించుకోవలసి వచ్చింది. పీవై-3 క్షేత్రంలో 2011లో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో అస్సాంలోని దిరోక్ క్షేత్రం నుంచి వాయువు రావడంతో కంపెనీ కోలుకుంది. ఒకటి రెండు క్షేత్రాల మీద ఆధారపడిన చిన్న కంపెనీలో ఒక బావి తగ్గుముఖం పడితే వాటా విలువ మొత్తం తగ్గుతుంది. పెద్ద సంస్థలో అదే నష్టం లెక్కల పట్టికలో ఒక వరుసకే పరిమితమవుతుంది.

5.3 నికో, జియోగ్లోబల్

2002లో రిలయన్స్ కేజీ-డీ6 వాయు ఆవిష్కరణను ప్రకటించింది. అందులో కెనడాలోని కాల్గరీకి చెందిన నికో రిసోర్సెస్‌కు 10 శాతం వాటా ఉంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల లక్ష్యంతో నిర్మించిన వ్యవస్థలో ఉత్పత్తి 2010లో 6 కోట్లు దాటి, ఆ తర్వాత వేగంగా క్షీణించింది. ఒకప్పుడు 100 కెనడా డాలర్లు దాటిన నికో షేరు కొన్నేళ్లలోనే ఒక డాలరు లోపుకు పడిపోయింది. డీ6లో కొత్త క్షేత్రాల అభివృద్ధికి తన వంతు ఖర్చు చెల్లించలేక నికో చివరకు ఆ 10 శాతం వాటాను కోల్పోయింది. ఆ కొత్త క్షేత్రాల నుంచి తర్వాత వాయువు వచ్చింది. అప్పటికి నికో అక్కడ లేదు. తవ్వకం విజయవంతమైనా వాటాదారు ఓడిపోవచ్చునని ఈ ఉదాహరణ చెబుతోంది.

కాకినాడ–యానాం తీరానికి ఎదురుగా ఉన్న మరొక బ్లాకు గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీది. 2005 జూన్‌లో అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు ఉన్నట్లు ప్రకటన వెలువడింది. ఇందులో 10 శాతం వాటా గల జియోగ్లోబల్ రిసోర్సెస్ చాలా చిన్న కంపెనీ. అన్వేషణ దశలో దాని వంతు ఖర్చును కూడా జీఎస్‌పీసీ భరించేలా ఒప్పందం ఉంది. అమెరికా విపణిలో ఆ షేరు 10 డాలర్లు దాటింది. తర్వాతి అంచనాలలో తీయదగిన వాయువు తొలి ప్రకటనలో దాదాపు పదోవంతుకు కుదించుకుపోయింది. షేరు ఒక డాలరు లోపుకు పడింది. 2017లో జీఎస్‌పీసీ తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అమ్ముకుంది. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత ఇటువంటి ప్రకటనలకు అక్షరాలా వర్తిస్తుంది.

6. పాలార్–పెన్నా బ్లాకు: నెల్లూరు సముద్రం

నూతన అన్వేషణ లైసెన్సు విధానం ఆరో విడతలో పాలార్–పెన్నా బేసిన్‌లోని పీఆర్-ఓఎస్ఎన్-2004/1 బ్లాకు కేటాయింపు జరిగింది. నెల్లూరు నుంచి దక్షిణంగా సాగే తీరానికి ఎదురుగా సుమారు 9,400 చదరపు కిలోమీటర్ల సముద్రం అది. నిర్వాహక సంస్థ కెయిర్న్‌కు 35 శాతం, ఓఎన్‌జీసీకి 35 శాతం, టాటా పెట్రోడైన్‌కు 30 శాతం వాటాలు దక్కాయి.

అప్పుడే కెయిర్న్ భారతీయ విభాగం కెయిర్న్ ఇండియా పేరుతో విపణికి వచ్చింది. 2006 డిసెంబరులో షేరు ఒక్కింటికి రూ. 160 చొప్పున ప్రజలకు జారీ చేశారు. 2007 జనవరి 9న నమోదైన తొలినాడే ధర అంతకంటే దిగువకు పోయింది. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రమే ఆ కంపెనీ విలువకు మూలం. రవ్వ అప్పటికే ఆదాయమిస్తున్న పాత క్షేత్రం. పాలార్–పెన్నా బ్లాకు కేవలం ఆశ. ఆ విధంగా ఒకే షేరులో సిద్ధం (రవ్వ), సాధ్యం (మంగళ), ఆగామి (నెల్లూరు సముద్రం) ఇమిడి ఉన్నాయి. నెల్లూరులో ఆ షేరు కొన్న వ్యక్తి తన ఊరి సముద్రం మీద కూడా అణుమాత్రపు వాటా కొన్నట్లే. ఆ సంగతి అతడికి తెలిసి ఉండే అవకాశం తక్కువ.

ఈ బ్లాకులో అన్వేషణకు అడ్డంకి భూగర్భం నుంచి రాలేదు, ఆకాశం నుంచి వచ్చింది. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ప్రయోగం జరిగిన శ్రీహరికోట కేంద్రం ఈ తీరంలోనే ఉంది. 2022 జిల్లాల పునర్విభజనకు ముందు అది నెల్లూరు జిల్లాలో భాగం. ప్రయోగ భద్రత దృష్ట్యా అంతరిక్ష శాఖ విధించిన ఆంక్షలతో బ్లాకులో పని చాలాకాలం నిలిచిపోయింది. సముద్రాన్ని ఒక శాఖ అన్వేషణకు ఇచ్చింది. అదే సముద్రం మీద మరొక శాఖకు ముందునుంచే అవసరం ఉంది. దేశ ప్రయోజనం దృష్ట్యా రెండో అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే ఈ సంఘర్షణ వేలం నాటికే ఊహించదగింది. రాతిపొరల అనిశ్చయానికి ధర కట్టే పద్ధతులు విపణిలో ఉన్నాయి. ఒకే సముద్రంపై రెండు ప్రభుత్వ అవసరాలు ఎదురుపడితే కలిగే అనిశ్చయం సామాన్య మదుపరి లెక్కకు అందేది కాదు.

2011లో కెయిర్న్ ఇండియా వేదాంత సమూహం చేతికి వెళ్లింది. 2017లో వేదాంత లిమిటెడ్‌లో విలీనమైంది. ఒక్కొక్క కెయిర్న్ షేరుకు ఒక వేదాంత షేరు, నాలుగు ప్రాధాన్య షేర్లు ఇచ్చారు. చమురు కంపెనీగా భావించి కొన్న వాటా అల్యూమినియం, జింకు, ఇనుప ఖనిజం గల సంస్థలో వాటాగా మారింది. తాను ఎంచుకున్న అపాయం మరొక అపాయంగా మారడాన్ని చిన్న వాటాదారు ఓటుతో ఆపగలిగే స్థితిలో లేడు.

7. మాట కలిగించిన నష్టం

చిన్న అన్వేషణ కంపెనీకి ఆదాయం ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. సర్వేకు, బావికి సొమ్ము కావలసినప్పుడల్లా కొత్త షేర్లు జారీ చేస్తుంది. 100 షేర్ల కంపెనీలో ఒకరికి 10 షేర్లుంటే అతడి భాగం 10 శాతం. మరో 100 షేర్లు ఇతరులకు జారీ అయితే అదే పది షేర్లు 5 శాతమవుతాయి. బావిలో వాయువు పడినా అతడి భాగం అప్పటికే సగమైంది. కొత్త సొమ్ము రావాలంటే విపణిలో ఆశ నిలవాలి. ఆశ నిలవాలంటే ప్రకటనలు కావాలి. అందువల్ల ఈ కంపెనీలలో బావి తవ్వకం ఎంత ముఖ్యమో మాట కూడా అంతే ముఖ్యం.

ఇక్కడే తెలుగు పరిభాష ప్రశ్న ఎదురవుతుంది. ఆంగ్ల నివేదికలలో భూమిలో ఉన్న మొత్తం పరిమాణానికి ఒక మాట, తీయదగిన భాగానికి మరొక మాట, అంచనా దశలోని వనరుకు వేరొక మాట ఉంటాయి. తెలుగు పత్రికాభాషలో ఈ మూడింటికీ ‘నిక్షేపాలు’ అన్నదే రూఢి. నిక్షేపం అంటే ఒకరు భద్రంగా ఉంచింది. ఉంచినది ఉండే తీరుతుంది, తీసుకోవడమే ఆలస్యం అన్న భావం ఆ మాటలోనే ఉంది. ‘నిక్షేపంలా’ అన్న మన వాడుకలో కూడా చెక్కుచెదరని స్థితి ధ్వనిస్తుంది. అటువంటి మాటను తవ్వని బావికి వాడితే పాఠకుడి మనసులో అనిశ్చయం తొలగిపోతుంది. పత్రికలు ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పు అని నా అభిప్రాయం కాదు. సూక్ష్మభేదాలు చూపగల మాటలు మన శాసనభాషలో ఉండగా వాటిని ఆధునిక అవసరానికి మలచుకోలేకపోయామన్నదే నా పరిశీలన. కంపెనీల వెల్లడింపు పత్రాలు ఆంగ్లంలో ఉండగా, తెలుగు మదుపరికి చేరేది వాటి సారాంశమే. సారాంశంలో భేదం చెరిగిపోతే, ఆ భేదానికి మూల్యం చెల్లించేది అతడి పొదుపే.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. సముద్రగర్భ చమురుపై స్వామ్యం ప్రజలది. కంపెనీది ఒప్పంద హక్కు. వాటాదారుది ఆ ఒప్పంద హక్కుపై ఆధారపడిన ఆశ మాత్రమే.

2. చమురు దొరకడం, కంపెనీ లాభపడడం, వాటాదారు లాభపడడం మూడు వేర్వేరు సంఘటనలు. వీడియోకాన్, నికో ఉదాహరణలు దీనిని స్పష్టం చేస్తున్నాయి.

3. కృష్ణా–గోదావరి సముద్రంపై ఆశ, నిరాశ తొలుత విదేశీ విపణులలో క్రయవిక్రయమయ్యాయి. తీరవాసికి మాత్రం అపాయమే ముందుగా చేరింది, వాటా ఆలస్యంగా చేరింది.

4. నెల్లూరు సముద్రం విషయంలో ప్రభుత్వ శాఖల పరస్పర విరుద్ధ అవసరాలు భూగర్భ అనిశ్చయానికి మరొక అనిశ్చయాన్ని జోడించాయి.

5. ఉత్పత్తిలో ఉన్న నిరూపిత నిల్వలకు ‘సిద్ధ నిల్వ’, కనుగొన్నా ఇంకా తీయలేనివాటికి ‘సాధ్య వనరు’, తవ్వకానికి ముందు అంచనాలకు ‘ఆగామి వనరు’ అనే పదాలను వాడడం ప్రయోజనకరం. ‘నిక్షేపం’ అన్న మాటను భూగర్భంలో ఉన్నట్లు బావి ద్వారా రుజువైన పరిమాణానికే పరిమితం చేయాలి.

ఐదో అంశం కేవలం పరిభాషా సంస్కరణ కాదు. శాసనం చెక్కించిన దాతకు ఏది చేతిలో ఉందో, ఏది రావలసి ఉందో తెలుసు. గ్రహీతకూ తెలుసు. ఆ మాత్రం స్పష్టత తన జీవితకాలపు పొదుపును సముద్రం మీద పెట్టే నేటి మదుపరికి కూడా దక్కాలి. అది అతడి మాతృభాషలో దక్కాలి.